డ్రైవర్ లేని బండికి నేను పెట్టిన బొట్టు

విచారణ కాగితం మీద "కారణం నాకు తెలియదు" అని రాసి సంతకం పెట్టాను. నాకు తెలుసు. ఆ రోజు సూర్యాపేట బయటి బిజినెస్ పార్కులో డ్రైవర్ లేని బండి ఉన్నట్టుండి ఆగిపోయి, లోపల నిలబడ్డ ఒకామె పడి నుదురు పగిలింది. దానికి కారణం ఏ కంప్యూటరూ కాదు, ఎవరి లెక్కా కాదు. నేను. ఆ తప్పు తనదేనని నమ్మి ఒక ఇంజనీరు అమ్మాయి ఉద్యోగం పోగొట్టుకుని వెళ్ళిపోయింది. నేను పక్కనే ఉండి చూశాను.

ఇటువంటి బళ్ళ మీద పనిచేయడానికి ఇప్పుడు చాలామంది పిల్లలు వస్తున్నారు. వాళ్ళలో కొందరికి నేనే పని నేర్పాను. నేర్పేటప్పుడు ఒక అబద్ధం కూడా నేర్పాను. అందుకే ఇది రాస్తున్నాను. అయితే ఆ బండి మీద పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. తప్పు ఒప్పుకుంటున్నాను కదా అని ఆ సంబరాన్ని దాచిపెడితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

ఇరవై నాలుగేళ్లు బస్సు నడిపాను. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ, కోదాడ, హుజూర్‌నగర్. ఏ ఊరి ముందు ఏ గుంత ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. మోకాలు అరిగిందని డాక్టర్ చెప్పాక ముందుగానే రిటైర్మెంట్ తీసుకున్నాను. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేటట్టుంది. అప్పుడే ఈ కబురు వచ్చింది.

మిర్యాలగూడలో రైస్ మిల్లులున్న ఒక సావుకారి, హైవే పక్కన పెద్ద పార్కు కట్టించాడు. ఆఫీసులు, కాల్ సెంటర్, బియ్యం ఎగుమతి చేసే కంపెనీలు, ఒక క్యాంటీన్. గేటు నుంచి చివరి బిల్డింగు దాకా ఎండలో నడవడం అక్కడ పనిచేసేవాళ్ళకు నరకం. డ్రైవర్ లేకుండా నడిచే చిన్న బండిని అక్కడ ఉచితంగా తిప్పి పరీక్షిస్తామని బెంగళూరు కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. పరీక్ష నడిచినన్నాళ్ళు బండిలో ఒక మనిషి కూర్చోవాలి, ఏమైనా తేడా వస్తే ఎర్ర మీట నొక్కి ఆపాలి. దానికి పాత బస్సు డ్రైవర్ కావాలన్నారు. నేను చేరిపోయాను.

డిపో ముందు టీ కొట్టు దగ్గర నా పాత దోస్తులు వదల్లేదు.

"డ్రైవర్ లేని బండికి డ్రైవర్‌వా అన్నా?"

"డ్రైవర్‌ను కాదురా. సేఫ్టీ ఆపరేటర్‌ను."

"బండి దానంతట అదే పోతది. నువ్వు ఊకె కూసుంటవ్. మా అత్తగారింట్ల నేను చేసే పని గదే."

నవ్వులు. నేనూ నవ్వాను గానీ లోపల గుచ్చుకుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, నేను ఆడిన అబద్ధానికి మూలం అక్కడే ఉంది. నాకు ఉద్యోగం పోతుందన్న భయం కన్నా ఆ టీ కొట్టు దగ్గర నవ్వులపాలవుతానన్న భయమే ఎక్కువ.

మొదటిసారి బండి ఎక్కిన రోజు మర్చిపోలేను. స్టీరింగు లేదు. క్లచ్ లేదు, గేర్ లేదు. ఎనిమిది సీట్ల తెల్లటి డబ్బా. ముందు భాగంలో, సరిగ్గా మనిషి నుదురుండే చోట, అరచేతి వెడల్పు నల్లటి అద్దం. దాని వెనకాల కెమెరా. మేమంతా దాన్ని ముందు కన్ను అనేవాళ్ళం. నా పక్కన ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఒక అమ్మాయి కూర్చుంది. బండికి రోడ్డు నేర్పే ఇంజనీరు. కోదాడ దగ్గర చిలుకూరు వాళ్ళమ్మాయి. ఇంట్లో గొర్రెలు కాస్తారు, నాలుగెకరాల పొలం. ఆమె ఏదో నొక్కింది. బండి చడీచప్పుడు లేకుండా కదిలింది.

మలుపు వచ్చింది. నా చేతులు గాల్లోకి లేచాయి. బండి తనే తిరిగింది! ఎదురుగా మోటార్ సైకిల్ వచ్చింది. బండి తనే నెమ్మదించింది, తనే పక్కకు జరిగింది. నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

"బాబాయ్, ఆ నేల అరిగిపోద్ది" అంది ఆమె, స్క్రీన్ మీంచి తలెత్తకుండానే.

"ఏం చెయ్యమంటవ్ బిడ్డా, నా కాలు నా మాట ఇంటలేదు."

"అలవాటైద్ది లెండి. నాకైతే మొదటిరోజు ఏడుపొచ్చింది, ఇంత బాగా నడుస్తుందా అని."

నిజం చెప్పాలంటే నాకూ కళ్ళు చెమర్చాయి. రెండున్నర దశాబ్దాలు నేను మోకాళ్ళు అరగదీసుకుని చేసిన పని నా కళ్ళముందు ఎవరి కాలూ లేకుండా జరుగుతోంది. బాధ కాదు అది. చిన్నప్పుడు మొదటిసారి బస్సు చూసినప్పటి లాంటి ఆశ్చర్యం.

ఆ పార్కు మధ్యలోంచి పక్క ఊళ్ళ పాత బాట ఒకటి పోతుంది. ట్రాక్టర్లు, గొర్రెలు ఎప్పటిలాగే పోనిస్తానని భూములు కొన్నప్పుడే సావుకారి మాటిచ్చాడు. పరీక్షకు అదే అసలు గమ్మత్తు. కోతల కాలంలో రోడ్డు పక్కన వడ్లు ఎండబోస్తే మా బండి ఆ కుప్పను గోడ అనుకుని ఆగిపోయింది. వడ్లు తిరగేస్తున్న ఒక పెద్దామె పార భుజాన వేసుకుని వచ్చి నన్ను నిలదీసింది.

"ఏందయ్యా నీ బండి? నా వడ్లను సూసి బెదురుతది?"

"కొత్తది అవ్వా. నేర్సుకుంటున్నది."

"ఎన్ని దినాలు నేర్సుకుంటది? నా మనుమడు మూడు దినాలల్ల సైకిల్ నేర్సె."

గొర్రెలతో ఇంకా తిప్పలు. మంద అడ్డమొస్తే బండి ఆగుతుంది. బానే ఉంది. కానీ మందలో కాస్త సందు కనపడగానే ఖాళీ అయిందనుకుని కదులుతుంది, మళ్ళీ గొర్రె వస్తుంది, మళ్ళీ ఆగుతుంది. లోపల కూర్చున్నవాళ్ళకు తల ముందుకూ వెనక్కూ ఊగడమే. మా టీమ్ లీడ్, బెంగళూరు నుంచి వచ్చినాయన, తెలుగువాడే, నాలుగు రోజులు గొర్రెల్ని లెక్కపెట్టించే పద్ధతి ఏదో తయారుచేశాడు. కుదరలేదు. ఐదో రోజు ఈ అమ్మాయి అంది:

"సార్, గొర్రెల్ని చూడకండి. మనిషిని చూడండి."

"ఏ మనిషి?"

"కాసేవాడు. మందకి వెనక నడుస్తాడు. ఆయన రోడ్డు దాటాడంటే మంద దాటేసినట్టే. మా నాన్న ఎప్పుడూ ఆఖర్నే ఉంటాడు."

రెండు రోజులు కూర్చుని బండికి అదే నేర్పింది. మూడో రోజు పక్క ఊరి మంద వచ్చింది. బండి ఆగింది. సందు వచ్చింది. కదల్లేదు. ఇంకో సందు. కదల్లేదు. మేమంతా ఊపిరి బిగబట్టాం. చివరికి భుజాన గొంగడి, చేతిలో కర్రతో గొర్రెలాయన నింపాదిగా రోడ్డు దాటాడు. ఆయన కాలు అవతలి మట్టి మీద పడిందో లేదో, బండి సుతారంగా కదిలింది. మేం కేకలు వేశాం. లీడ్ అయితే బండి దిగి పరుగెత్తి ఆ గొర్రెలాయనకు చెయ్యి కలిపాడు. ఆయనకేం అర్థం కాలేదు. "ఏమైంది సారూ? ఏదన్న గొర్రెకు తాకిందా?" అని ఆయన పరేషాన్.

అలాంటి రోజులవి. పొద్దున్నే ఎప్పుడు పార్కుకు పోదామా అని ఉండేది. మా ఆవిడ అనేది, "పెండ్లినాడు గూడ ఇంత తొందర పడలే నువ్వు."

ఇక జనానికి బండి తెరిచే రోజు వచ్చింది. ముందు రోజు ఆ అమ్మాయి ఇంకో మార్పు చేసింది. పార్కు పక్కనున్న మిల్లుల వైపు నుంచి ఊక దుమ్ము లేస్తే బండి బెదరకుండా, దగ్గరి వస్తువులను చూసే ప్రోగ్రామ్ లెక్కను సరిచేసింది. నాలుగుసార్లు దుమ్ములో తిప్పి చూశాం. చక్కగా నడిచింది.

సావుకారి పూజ పెట్టించాడు. లీడ్ ముందే గట్టిగా చెప్పాడు: "పూజ మీ ఇష్టం సార్. కానీ పది అడుగుల దూరం. పసుపు, కుంకుమ, దండ, ఏదీ బండికి తగలకూడదు." అందరి చేతా, నా చేత కూడా, ఒక కాగితం మీద సంతకం చేయించాడు. సావుకారి ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. అరటి పిలకలు షెడ్డు స్తంభాలకు కట్టారు. గుమ్మడికాయ దూరంగా కొట్టారు. మొదటి రౌండు సావుకారి, ఆయన ఇంటివాళ్ళు ఎక్కారు. బ్రహ్మాండంగా నడిచింది. చప్పట్లు, ఫోటోలు.

రెండో రౌండు పార్కులో పనిచేసేవాళ్ళకు. మధ్యలో పావుగంట బండి షెడ్డులో ఉంది. అందరూ టిఫిన్లకు పోయారు. బండీ నేనూ మాత్రమే.

దాన్ని చూస్తుంటే నాకు మనసొప్పలేదు. నా చేతిలో ఏ బండీ బొట్టు లేకుండా రోడ్డెక్కలేదు. దసరాకే కాదు, ప్రతి శుక్రవారం బస్సు అద్దం మీద గంధం, కుంకుమ పెట్టేవాణ్ణి. ఇన్నేళ్లలో మనిషిని గుద్దలేదు. ఆ నమ్మకమే నన్ను కాపాడిందని అనుకుంటాను. ఇంత ముద్దొచ్చే బండి, మొదటిసారి మామూలు జనాన్ని ఎక్కించుకుంటోంది, ముఖం బోడిగా ఉంది. పూజ పళ్ళెం అక్కడే స్టూలు మీద ఉంది. గంధం వేలికి తీసుకున్నాను. ముందు పక్కన తెల్లటి రేకు మీద పెడదామనుకున్నాను. కానీ బొట్టు పెట్టాల్సింది నుదుటి మధ్యన కదా. మధ్యన ఉన్నది ముందు కన్ను.

నాలో నేను అనుకున్న మాట ఇప్పటికీ గుర్తుంది. నా బస్సు అద్దం మీద ఇరవై నాలుగేళ్లు బొట్టు ఉంది, నాకు రోడ్డు కనపడలేదా?

గంధం పెట్టి, దాని మీద కుంకుమ అద్ది, దండం పెట్టుకున్నాను.

రెండో రౌండుకు ఏడుగురు పక్క తలుపు గుండా ఎక్కారు. కాల్ సెంటర్ పిల్లలు ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. హౌస్‌కీపింగ్ చూసే ఒకామె సీటు ఖాళీ ఉన్నా నిలబడే ఉంది, "కూసుంటే ఏం కనపడ్తది" అంటూ. గేటు దాటాం, క్యాంటీన్ దాటాం. అంతదాకా ఎండ మా పక్కన ఉంది. తూర్పు వైపు మలుపు తిరిగామో లేదో, పొద్దుటి ఎండ సూటిగా ముందు కన్ను మీద పడింది.

బండి గోడకు కొట్టుకున్నట్టు ఆగింది. ఎదురుగా రోడ్డు ఖాళీ. ఆమె ముందు కడ్డీకి తగిలి పడింది. నుదుటి మీంచి రక్తం.

పిల్లలు ఆమెను పట్టుకుని కిందికి దించారు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. నాకు ఆ క్షణమే అర్థమైంది. బండి కింద ఏదో చూస్తున్నట్టు ముందుకు వంగి, మెడలో కండువాను తాగే నీళ్ళతో తడిపి, అద్దాన్ని ఒక్క తుడుపు తుడిచాను. కండువా మడిచి చంకలో పెట్టుకున్నాను. అంతా కలిపి ఎంతసేపు? చెప్పులో రాయి తీసినంత సేపు.

లీడ్, ఆ అమ్మాయి క్యాంటీన్ నుంచి పరుగెత్తుకొచ్చారు. లాప్‌టాప్ తెరిచారు.

"ముందు కన్నుకు దగ్గరలో ఏదో అడ్డం ఉన్నట్టు చూపిస్తోంది" అన్నాడు లీడ్. బండి అప్పట్లో వీడియో దాచేది కాదు, అడ్డం ఉందా లేదా అన్న గుర్తులే రాసుకునేది. వంగి అద్దం చూశాడు. "శుభ్రంగా ఉంది. మీరేమైనా చూశారా? పక్షి గానీ, కవర్ గానీ?"

"లేదు సార్."

ఆ రోజు నేనన్నవి ఆ రెండు మాటలే. మిగతాదంతా వాళ్ళే అల్లుకున్నారు. అద్దం శుభ్రంగా ఉంటే లేనిది ఉన్నట్టు బండి ఎందుకు చూసింది? ముందు రోజు దగ్గరి వస్తువుల లెక్క మార్చింది ఎవరు? ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. పడిన ఆమెకు నాలుగు కుట్లు పడ్డాయి, వారంలో పనికి వచ్చింది. కానీ పరీక్ష ఆపేశారు, బెంగళూరు నుంచి విచారణకు వచ్చారు. కారణం తెలియదని నేను కాగితం మీద రాసిచ్చాను. ఆ అమ్మాయి పది రోజులు తన లెక్కను తనే తవ్వుకుంది. తప్పు దొరకలేదు. దొరకకపోయినా చివరికి వాళ్ళ ముందు, "నేను మార్చిన దాని వల్లే అయ్యుంటుంది సార్, ఇంకేం కనపడట్లేదు" అని తనే ఒప్పుకుంది. ఆమెకు ఇక పని లేదన్నారు.

వెళ్ళేరోజు షెడ్డుకు వచ్చి నా చేతులు పట్టుకుంది.

"బాబాయ్, ఆ రోజు మీకేమన్నా అయ్యుంటే నేనేం చేసేదాన్ని? నన్ను క్షమించండి."

"పర్వాలేదమ్మా" అన్నాను.

నేను ఆమెను క్షమించాను! ఇది రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది. అప్పుడు మాత్రం నోరు ఆగలేదు.

ఆమె లెక్కను తీసేసి పరీక్ష మళ్ళీ మొదలుపెట్టారు. ఊక దుమ్ము లేచినప్పుడల్లా బండి బెదిరేది, అయినా నడిచింది. గొర్రెల పద్ధతి మాత్రం ఆమెదే ఉంచుకున్నారు. ఏడాది తిరిగేసరికి కొత్త ఆపరేటర్లకు పని నేర్పమని నన్ను పెట్టారు. అందుకు తయారుచేసిన పాఠంలో ఒక పేజీ ఉండేది: మొదటి రోజు ప్రమాదం, కారణం ఇంజనీరు తొందరపాటు. స్క్రీన్ మీద దాన్ని చూపిస్తూ నా నోటితో చదివి వినిపించాలి. రెండు బ్యాచ్‌లకు వినిపించాను. మూడో బ్యాచ్‌లో హుజూర్‌నగర్ నుంచి వచ్చినాయన ఒకడు, లారీ నడిపిన మనిషి, చెయ్యెత్తాడు.

"సార్, మీరు లోపలనే ఉన్నరు కద. మీకేమనిపిచ్చింది? నిజంగ ఆ అమ్మాయి తప్పేనా?"

పాఠం ఆపేసి బయటికి వచ్చాను. మరునాడే మిర్యాలగూడ బస్సెక్కాను. ఆమె మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పనిచేస్తోందని చిలుకూరులోని వాళ్ళ బంధువులకు ఫోన్ చేసి తెలుసుకున్నాను.

బియ్యంలో నల్లగింజల్ని ఏరే పెద్ద మిషన్ దగ్గర ఉంది. దానికీ కెమెరాలే. ఒక్కో గింజను చూసి, పాడైనదాన్ని గాలితో ఊదేస్తుంది. నన్ను చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"బాబాయ్! మోకాలు ఎట్టుంది? మన బండి ఎట్టుంది? గొర్రెలకి ఆగుతుందా?"

"ఆగుతది. మందెనక మనిషి పోయేదాక కదలదు."

చప్పట్లు కొట్టింది. టీ తెప్పించింది. ఆ మిషన్ ఎలా చూస్తుందో చూపించింది. చూపిస్తూనే పక్కన డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తీసి తనే గింజ గింజా వేలితో జరిపి చూసుకుంటోంది.

"మిషన్ చూసినాంక మళ్ళీ నువ్వు జూసుడెందుకు బిడ్డా?"

"భయం బాబాయ్. ఆ రోజు నుంచి నేను చేసిందాని మీద నాకు నమ్మకం లేదు. అంతా రెండుసార్లు చూస్తా."

టీ గ్లాసు కింద పెట్టి చెప్పాను. గంధం, కుంకుమ, కండువా, అన్నీ. తల దించుకునే చెప్పాను. ముగించి తలెత్తితే ఆమె మిషన్ ఆపేసింది.

"ఎంత పెద్ద బొట్టు?"

"రూపాయి బిళ్ళంత."

"అద్దానికి నడి మధ్యనా? తడిగానా?"

"తడిగనే."

"మలుపు దాకా ఎండ పక్కనుంది. తిరగ్గానే ఎదురెండ..." ఆమె వేళ్ళు గాల్లో ఏదో లెక్క వేస్తున్నాయి. "అంతే! ఎండలో బొట్టు వెలిగి మొత్తం అడ్డంగా కనపడుంటది. అంటే నా లెక్క కరెక్టేనా బాబాయ్?"

"కరెక్టే బిడ్డా."

"నా లెక్క కరెక్టే!" మిల్లు అదిరేలా అరిచింది. బస్తాలు మోస్తున్నవాళ్ళు ఆగి చూశారు. ఆమె నవ్వుతోంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. నేను కూడా పిచ్చివాడిలా నవ్వాను. తిడుతుందని వచ్చినవాణ్ణి, ఆమె సంబరం చూసి ఇక అంతా సర్దుకుందనుకున్నాను.

అప్పుడు నవ్వు ఆపింది. ఫోన్ తీసింది.

"నాకు చెప్పారు, సరే. ఆయనకి ఎప్పుడు చెప్తారు?"

"రేపు పోయి..."

"ఇప్పుడు."

లీడ్ నంబరు కలిపి, స్పీకర్ పెట్టి నా ముందు పట్టుకుంది. హమాలీలు బస్తాలు దించి చుట్టూ చేరారు. టీ కొట్టు దగ్గర వినపడుతుందని నేను ఇన్నాళ్లు భయపడ్డ నవ్వు ఇక్కడే వినపడుతుందనుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

"సార్, నేను. మొదటి దినం బండి ఆగింది నా వల్ల. ముందు కన్ను మీద నేను బొట్టు పెట్టిన. ఎవరు సూడకముందే తుడిసిన. మీరడిగితే లేదన్న. ఈ అమ్మాయి లెక్కల ఏ తప్పు లేదు. కాగితం మీద గూడ రాసిస్త. ఆ పాఠంలకెళ్ళి ఆమె పేజీ తీసేసి నా పేరు రాయండి."

ఆమె ఫోన్ దించలేదు. నేను ఆమె వైపు తిరిగాను.

"నీ పని మీద నీకే నమ్మకం లేకుండ చేసిన బిడ్డా. చేసింది నేను, మాఫీ అడిగింది నువ్వు. ఆనాడు నీ చేతులు పట్టుకుని నేను చెప్పాల్సిన మాట ఇది, ఇన్ని దినాలకు చెప్తున్న. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."